హౌజులోని తూనీగ పిల్లలు

హౌజు అడుగున పురుగులు కనిపిస్తే ఆ నీటితో వుజూ చెల్లుతుందా? మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల మస్జిదులలో తరచుగా తలెత్తే ప్రశ్న ఇది. నీరు నాపాక్ అయిందన్న శంకతో కొందరు బ్లీచింగ్ పొడి చల్లి వాటిని చంపివేస్తున్నారు. బురద రంగు, ఆరు కాళ్లు, ఉబ్బిన కళ్లు గల ఆ జీవులు చాలాసార్లు తూనీగ పిల్లలే.

పలకల రాయికి పేరుపడిన మన నేలకు తగిన తూనీగ ఒకటుంది. శాస్త్రజ్ఞులు దానిని బ్రాడినోపైగా జెమినేటా అంటారు. రాతి గుంటలలో నిలిచిన వాననీరు, సిమెంటు తొట్లు దాని పుట్టిళ్లు. బూడిద రంగు ఒంటిపై నల్లని మచ్చలుంటాయి. గోడకు అంటిపెట్టుకుని వాలితే, కదిలేదాకా గోడలో భాగమనే అనిపిస్తుంది. కంభం చెరువు గట్టున ఎగిరే ఎర్ర తూనీగలను అందరూ గుర్తిస్తారు, దీనిని గమనించేవారు తక్కువ.

నీటిలోని పిల్లకు అల్లాహ్ ఇచ్చిన కింది పెదవి మడిచిన చేయి వంటిది. ఎర దగ్గరకు రాగానే రెప్పపాటులో దానిని చాచి పట్టుకుంటుంది. డెంగీని వ్యాపింపజేసే దోమ పిల్లలను ఇది తింటుందని ప్రయోగాలలోనూ తేలింది. తోక చివరి నుండి నీటిని పీల్చి, లోపలి మొప్పలతో ఊపిరి తీస్తుంది. ఆపద వస్తే ఆ నీటినే వెనుకకు చిమ్మి ముందుకు దూకుతుంది. ఎదిగాక గోడెక్కి, వీపు చీల్చుకుని, రెక్కలతో బయటపడుతుంది. గోడకు మిగిలిన పొట్టును చూసి చచ్చిన పురుగనుకుంటాం.

ఇక మస్అలా. ప్రవహించే రక్తం లేని కీటకం నీటిలో చచ్చినా ఆ నీరు నాపాక్ కాదని ఫుఖహాలు స్పష్టం చేశారు. బ్రతికున్న దాని సంగతి చెప్పనక్కరలేదు. శుభ్రత మానమని కాదు. హౌజు కడిగే రోజున వీటిని పాత నీటితోనే బకెట్టులోకి తీసి, కడిగాక తిరిగి వదలండి.

ఇంకొక మాట తల్లిదండ్రులకు. వానల తరువాత తూనీగల గుంపులు దిగినప్పుడు పిల్లలు వాటి తోకకు దారం కట్టి ఎగురవేస్తారు. మనం తోక అనుకునేది నిజానికి దాని పొట్ట. గుండె, ప్రేగు అందులోనే ఉంటాయి. కోడిని కట్టివేసి బాణాలతో గురిచూస్తున్న కుర్రవాళ్లను చూసి హజ్రత్ ఇబ్ను ఉమర్ (రజి) ఆగ్రహించారు. అలా చేసేవారిని ప్రవక్త (స) శపించారని తెలిపారు. దారం కట్టిన పిల్లవాడిని కొట్టకండి. దారం విప్పించి, హౌజు దగ్గరకు తీసుకుపోయి, ఆ పిల్ల పెదవి చాచి ఎర పట్టేదాకా ఓపికగా చూపించండి.