జగిత్యాలకు కిరణచికిత్స ఎంత దూరము?

రొమ్ము కేన్సరు తొలిదశలోనే బయటపడిన స్త్రీకి రొమ్మంతయు తీసివేయక, గడ్డను చుట్టునున్న కొంత మంచి కండతో కూడ కోసి తీసి, మిగిలిన భాగమునకు కిరణచికిత్స నిచ్చిన చాలునని శాస్త్రము తేల్చి నలువది యేండ్లయినది. అయినను జగిత్యాల జిల్లా కోరుట్లలో బీడీలు చేయు స్త్రీకిగాని, సిరిసిల్లలో కండెలు చుట్టు స్త్రీకిగాని ఈ మార్గము తెరచియున్నదా యన్నది శస్త్రవైద్యుని నైపుణ్యముకంటె సికింద్రాబాదులోని జూబిలీ బస్టాండు వఱకు గల రహదారిమీదనే హెచ్చుగా ఆధారపడియున్నదని నా యభిప్రాయము.

పందొమ్మిదవ శతాబ్ది చివర హాల్‌స్టెడ్ అను అమెరికా వైద్యుడు రొమ్మును, దాని క్రింది ఛాతీ కండరములను, చంకలోని గ్రంథులను ఒక్కసారిగా తొలగించు పద్ధతిని నెలకొల్పెను. ఎంత కోసిన అంత క్షేమమను విశ్వాసము తరతరముల వైద్యులను ఏలినది. దానిని పరీక్షకు పెట్టినవారు ఇటలీలో వెరొనేసి, అమెరికాలో ఫిషర్. 1970ల దశకమున వారారంభించిన పరిశోధనల ఇరువదేండ్ల ఫలితములు 2002లో వెలువడినవి: రొమ్ము నిలుపుకొన్నవారును పోగొట్టుకొన్నవారును ఆయువున సమానులే. అయితే ఫిషర్ లెక్కలలోనే మఱియొక సత్యము కలదు. గడ్డను మాత్రము తీసి కిరణములు ఇయ్యక విడిచినవారిలో నూటికి 39 మందికి అదే రొమ్మున వ్యాధి తిరుగబెట్టగా, కిరణములు పొందినవారిలో 14 మందికే తిరుగబెట్టినది. కోతలో పొదుపునకు కిరణమే పూచీ. ఆ పూచీ లేనిచోట, వయసు మళ్ళి చిన్నగడ్డ గల కొందఱి విషయమున తప్ప, రొమ్మును నిలుపుదమనుట సాహసము.

ఆ పూచీ హైదరాబాదులోని రెడ్‌హిల్స్‌లో, 1955లో వెలసిన ఎం.ఎన్.జె. కేన్సరు ఆసుపత్రి వంటిచోట దొరకును. పాతపద్ధతిలో సోమవారము మొదలు శుక్రవారము వఱకు, ఐదు వారములు, దినమునకు కొన్ని నిమిషముల పని. జగిత్యాల నుండి దాదాపు 190 కిలోమీటర్లు. అచటి బీడీ కార్మికురాలి భర్త దుబాయిలోనో మస్కటులోనో ఉండును. బడికి పోవు పిల్లలకు వండిపెట్టువారుండరు. బీడీల కూలి వేయికి ఇంతయని లెక్క. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో పది లక్షలకు పెంచినారు, మంచిదే; కాని చేయని బీడీలకు కూలి ఏ పథకమిచ్చును? "మొత్తం తీసెయ్యుండ్రి సారూ, మల్ల మల్ల తిరుగుడు మాతోని కాదు" అని ఆమె అనినచో దానిని అజ్ఞానమనుట అన్యాయము. ఆమెకు చెప్పనిది వేఱొకటున్నది: చంక గ్రంథులకు వ్యాధి ప్రాకియున్నచో, రొమ్మంతయు తీసిన పిమ్మటను పెక్కుమందికి కిరణచికిత్స తప్పదు.

చంకలోని కోత సంగతియు అట్టిదే. గ్రంథులన్నిటిని తీసినచో కొందఱికి చేయి వాచి బరువెక్కును. చాట ఒడిలో పెట్టుకొని, తునికాకును కత్తెరతో కొలతకు కత్తిరించి, తంబాకు పోసి చుట్టి, దారము కట్టి, కొసలు మడుచు పనిలో రెండుచేతుల వ్రేళ్ళకును విరామములేదు. వాచిన చేతితో ఆ పని సాగదు. మొదటి ఒకటి రెండు గ్రంథులను మాత్రము తీసి పరీక్షించి, అవి శుభ్రముగా ఉన్నచో మిగిలినవానిని విడుచు పద్ధతి కలదు. అది నగర స్త్రీల సౌకర్యమని తలచువారు కోరుట్లలో ఒక పూట బీడీచాట ప్రక్కన కూర్చుండిన బాగుండును.

ఇప్పుడు కాలము కొంత కలిసివచ్చినది. బ్రిటనులో జరిగిన పరిశోధనలు మూడువారములలో పదునైదు విడతలు చాలునని స్థిరపఱచినవి. 2020లో వెలువడిన ఫలితములు ఒక్కవారమున ఐదు విడతలును వ్యాధిని అదుపు చేయుటలో అయిదేండ్ల వఱకు తీసిపోలేదని చూపినవి. ఇది అందఱికి తగదు, వైద్యుడు నిర్ణయింపవలసినదే. కాని ఐదువారములు పోలేని స్త్రీ ఒకవారము పోగలదు. బస ఉన్నచో మూడువారములును పోగలదు.

ప్రతి జిల్లాకు కిరణచికిత్స యంత్రము కావలెనని నేను కోరను. దట్టమైన గోడల గది, భౌతికశాస్త్రజ్ఞుడు, నిరంతర మరమ్మతు లేనిచో అది తాళముపడిన గదియే యగును. జగిత్యాలలో 2022లోను, సిరిసిల్లలో 2023లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలసినవి. సూదిపరీక్ష లేకయే గడ్డను కోసివేయు అలవాటును అవి మాన్పింపవలెను. గడ్డ తీసినచోట కిరణవైద్యునికై క్లిప్పు గుర్తు విడువవలెను. కత్తి పట్టుటకు ముందే ఎం.ఎన్.జె.లో కిరణచికిత్సకు తేదీ పుచ్చుకొనవలెను. బీడీ కార్మికురాండ్రకు జీవనభృతి నిచ్చు జాబితా ప్రభుత్వమువద్ద ఇదివఱకే కలదు. చికిత్స సాగునన్ని వారముల కూలిని, బసఖర్చును ఆ ఖాతాలకే జమచేయవచ్చును. మరమగ్గముల ప్రక్క కండెలు చుట్టువారికి మాత్రము అట్టి జాబితా క్రొత్తగా వ్రాయవలసియుండును.