అదృష్టమునకు లెక్క

రేపటిని ముందుగా తెలిసికొనవలెనను కోరిక మానవునకు సహజమైనది. విత్తనము చల్లిన రైతు వాన కొఱకును, పడవ నెక్కు జాలరి గాలి కొఱకును, పరీక్ష వ్రాసిన విద్యార్థి ఫలితము కొఱకును ఎదురుచూచుచుందురు. రేపు సూర్యుడు ఉదయించునా యని ఎవ్వరును సందేహింపరు. ఎండిన కొయ్య రాత్రికి రాత్రి పూచునని ఎవ్వరును ఆశింపరు. కాని తప్పక జరుగునవియు, ఎన్నడును జరుగనివియు లోకమున కొన్నియే. జీవితవ్యవహారములలో అధికభాగము ఈ రెంటికి నడుమ నుండును. ఆ నడిమి ప్రదేశమును కొలుచు కొలబద్దకు గణితశాస్త్రము సంభావ్యత యని పేరిడినది. అసంభవమునకు సున్న, నిశ్చయమునకు ఒకటి, తక్కినవన్నియు ఈ రెండంకెల నడుమ నుండు భిన్నములు.

నేడు ఈ మాట వైద్యుని సలహాలోను, వాతావరణ సూచనలోను తఱచుగా వినవచ్చుచున్నది. అయినను దాని భావమును సరిగా గ్రహించినవారు కొలదిమందియే. కొందరు దానిని జోస్యమని భ్రమింతురు. మఱికొందరు వట్టి ఊహయని త్రోసిపుచ్చుదురు. ఈ రెండును పొరపాట్లే. సంభావ్యత జోస్యము కాదు. అది తెలిసినదెంతయో, తెలియనిదెంతయో నిజాయితీతో చెప్పెడి కొలత.

అవకాశమునకు లెక్క కట్టవచ్చునను తలంపు మిక్కిలి ప్రాచీనమైనది. మహాభారతము అరణ్యపర్వములోని నలోపాఖ్యానమున ఋతుపర్ణ మహారాజు రథమునుండియే ఒక తాండ్రచెట్టును చూచి, దాని ఆకులును కాయలును ఇన్నియని చెప్పును. బాహుకుడను పేర సారథ్యము చేయుచున్న నలుడు రథము నాపి లెక్కించి, ఆ సంఖ్య సరియగుట గాంచి ఆశ్చర్యపడును. ఆ రాజు వలననే అతడు అక్షహృదయమను విద్యను గ్రహించి, జూదమున పోయిన రాజ్యమును తిరిగి జూదముననే గెలుచుకొనును. పాచికలకును లెక్కకును చుట్టఱికము కలదని ఆ కథ సూచించుచున్నది.

ఆ లెక్కను శాస్త్రముగా రూపొందించుటకు దారి తీసినవారు ఫ్రాన్సు దేశీయులైన పాస్కల్, ఫెర్మా అను ఇరువురు పండితులు. నడుమ నిలిచిపోయిన ఆటలోని పందెపుసొమ్మును న్యాయముగా ఎట్లు పంచవలెనను ప్రశ్నను వారు 1654లో తమ లేఖలలో చర్చించిరి. ముందుగా మూడు ఆటలు గెలిచినవానికి 64 నాణెములు దక్కవలెనని నియమము. ఒకడు రెండును, రెండవవాడు ఒకటియు గెలిచిన పిమ్మట ఆట ఆగిపోయినది. తరువాతి ఆట మొదటివాడే గెలిచియున్నచో 64 నాణెములును అతనివే. ఓడియున్నచో ఇరువురును సమానులగుదురు గనుక అతనికి 32 వచ్చును. కావున 32 ఎట్లైనను అతనివే. మిగిలిన 32లో సగమునకు అతనికి హక్కు కలదు. అనగా అతనికి 48, రెండవవానికి 16. ఆ ఆట జరిగియున్నచో ఎవరు గెలిచియుందురో పాస్కల్ చెప్పలేదు. చెప్పుటకు వీలును లేదు. అయినను న్యాయమైన తీర్పు లభించినది. సంభావ్యత యొక్క స్వభావమంతయు ఈ చిన్న లెక్కలో ఇమిడియున్నది.

పాచికకు ఆఱు ముఖములు. వానిలో ఆఱు చుక్కలది పడుటకు సంభావ్యత ఆఱింట ఒక వంతు. ఆఱు మార్లు వేసినచో ఒకమారు అది తప్పక పడునని దీని యర్థము కాదు. ఆఱు మార్లలో ఒక్కమారును అది పడకపోవుటకు ఇంచుమించు మూడింట ఒక వంతు అవకాశము కలదు. అదే ఆఱువేల మార్లు వేసినచో, అది పడిన మార్లు వేయికి చేరువగా నుండును. వేయు మార్లు పెరిగినకొలదియు నిష్పత్తి ఆఱింట ఒక వంతును సమీపించుచుండును. స్విట్జర్లాండు దేశీయుడైన యాకోబ్ బెర్నూలీ రచింపగా, అతని మరణానంతరము 1713లో వెలువడిన గ్రంథమున ఈ సూత్రమునకు నిరూపణము కలదు. ఒక్క వేటు ఎవరి మాటయు వినదు. వేయి వేట్లు లెక్కకు లొంగును.

ఈ సూత్రమును సగము మాత్రమే గ్రహించినవారు పాచికకు జ్ఞాపకశక్తి కలదని భావింతురు. 1913 ఆగస్టు 18వ తేదీన మాంటీకార్లో జూదశాలలో, ఎఱుపు నలుపు గడులుగల చక్రముపై త్రిప్పి విడిచిన గోళి వరుసగా 26 మార్లు నల్లగడులలోనే పడినదని ప్రసిద్ధి. ఇక ఎఱుపు వచ్చితీరునని పందెములు పెంచినవారు ధనమును పోగొట్టుకొనిరి. గోళికి వెనుకటి సంగతి తెలియదు. అది ఎవరికిని బాకీ పడియుండదు.

ఇట్టి భ్రమ జూదశాలలకే పరిమితమైయున్నచో నష్టము కొంచెమే. కాని అది గృహములలోనికిని ప్రవేశించినది. వరుసగా నలుగురు ఆడపిల్లలు కలిగిన యింట, “ఈమారు తప్పక మగబిడ్డయే” యని పెద్దలు పలుకుట కలదు. నలుగురు కలిగిన పిమ్మట ఐదవ కాన్పునను అవకాశము ఇంచుమించు సగమే. ప్రకృతి లెక్క సరిచేయుటకై కాచుకొనియుండదు. పైగా శిశువు ఆడయో మగయో నిర్ణయించునది తండ్రినుండి సంక్రమించు క్రోమోజోము. ఈ రెండు సంగతులు నెఱుగక తల్లిని నిందించి, ఆమె ఆరోగ్యమును పాటింపక మరల మరల కాన్పులకు గుఱిచేయుట అజ్ఞానము మాత్రమే కాదు, అన్యాయము.

ఒక్క ఫలితమును చూచి నిర్ణయమును మెచ్చుటయు నిందించుటయు రెండవ పొరపాటు. 1721లో అమెరికాలోని బోస్టన్ పట్టణమున మశూచి చెలరేగి జనులలో ఇంచుమించు సగముమందికి సోకినది. అప్పటికి నేటివంటి టీకా లేదు. రోగి పొక్కులలోని రసిని ఆరోగ్యవంతుని చర్మమున గ్రుచ్చి, వ్యాధి తేలికగా వచ్చిపోవునట్లు చేయు పద్ధతి యొకటి మాత్రము ఉండెను. సహజముగా వ్యాధి సోకినవారిలో సుమారు ఏడుగురికొకరు మరణించిరి. రసి గ్రుచ్చించుకొన్న 240 మందికి పైబడినవారిలో మరణించినవారు ఆఱుగురు. అనగా నలువదిమందికి ఒకరు. అయినను తమ చేతులార చేయించిన పనివలన బిడ్డ మరణించినచో తమ్ము తాము క్షమించుకొనలేమని పెక్కు తలిదండ్రులు వెనుదీసిరి. సుప్రసిద్ధుడైన బెంజమిన్ ఫ్రాంక్లిన్ తన నాలుగేండ్ల కుమారునకు ఆ రక్షణ చేయింపకయే యుండెను. 1736లో ఆ బాలుడు మశూచితో మరణించెను. చేయించినను చేయింపకున్నను దుఃఖము ఒక్కటియే కావచ్చును గనుక, అపాయము తక్కువయైన మార్గమునే ఎన్నుకొనవలెనని ఫ్రాంక్లిన్ తన స్వీయచరిత్రలో ఇతరులను హెచ్చరించినాడు. సంభావ్యతను గూర్చి ఇంతకంటె విలువైన పాఠము మఱియొకటి లేదు. ఏమియు చేయకుండుటయు ఒక నిర్ణయమే. దానికిని అపాయపు లెక్క కలదు.

తెలుగునాట సముద్రతీరమున ఈ పాఠము ప్రాణములకు సంబంధించినది. 1977 నవంబరు 19న దివిసీమపై విరుచుకుపడిన ఉప్పెన వేలమందిని బలిగొన్నది. తుపాను పోవు త్రోవను గీత గీచినట్లు ముందుగా చెప్పుటకు వీలులేదు. అందువలన భారత వాతావరణ శాఖ పటముపై తుపాను పోదగిన మేరను నానాటికి వెడల్పగు పట్టెగా చూపుచున్నది. ఒక గ్రామమునకు ఉప్పెన తగులుటకు పదింట మూడు వంతుల అవకాశము కలదనుకొనుడు. గ్రామస్థులు ఇండ్లు విడిచి రక్షణకేంద్రమునకు పోవుదురు. అట్టి పది సందర్భములలో ఇంచుమించు ఏడు మార్లు సముద్రము ఊరిలోనికి రాదు. తిరిగివచ్చినవారు తమ్ము ఊరక భయపెట్టిరని విసుగుకొని, మఱుసటిమారు కదలుటకు నిరాకరింతురు. ఆ మఱుసటిమారే ఉప్పెన రావచ్చును. నిజమునకు సూచన తప్పలేదు. ఏడు మార్లు రాకపోవుటయు ఆ సూచనలోని భాగమే. పదిమార్లును ఉప్పెన వచ్చినచో, అప్పుడు ఆ లెక్కను శంకింపవలెను. త్రాసులో ఒకవైపు రెండు రాత్రుల అవస్థ, రెండవవైపు కుటుంబమంతటి ప్రాణములు ఉన్నప్పుడు పదింట మూడు వంతులు చాల పెద్ద సంఖ్య.

ఒక్క ప్రాణము గల మనుష్యునకు సగటులతో పనియేమి యని కొందరు ప్రశ్నింతురు. ఆ ప్రశ్నలో కొంత న్యాయము కలదు. బిడ్డను పోగొట్టుకొన్న తల్లిని ఏ భిన్నమును ఓదార్పజాలదు. కాని మనుష్యుడు జీవితమున ఒక్కమారు మాత్రమే నిర్ణయించుకొనడు, ప్రతిదినమును నిర్ణయించుకొనుచుండును. ప్రతిమారును అపాయము తక్కువయైన వైపునకు మొగ్గినవాడు కొన్ని మార్లు నష్టపడినను, మొత్తముమీద క్షేమముగా నుండును. అంతయు తలవ్రాతయే యని చేతులు ముడుచుకొనువాని కంటెను, అంతయు తనకు తెలియునని విఱ్ఱవీగువాని కంటెను ఇతడు వివేకవంతుడు.

తెలుగు కుటుంబమున 1920లో జన్మించి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితము నభ్యసించిన కల్యంపూడి రాధాకృష్ణారావు, అనిశ్చితమైన వివరములనుండి నమ్మదగిన జ్ఞానమును రాబట్టు సంఖ్యాశాస్త్రమునకే తన జీవితమును అంకితము చేసెను. 2023లో, నూటరెండేండ్ల వయసున, అతనికి అంతర్జాతీయ సంఖ్యాశాస్త్ర బహుమానము లభించినది; ఆ సంవత్సరముననే అతడు దివంగతుడయ్యెను. అట్టి శాస్త్రమంతయు అందరికిని పట్టువడకపోవచ్చును. కాని దాని సారమును ఎనిమిదవ తరగతి విద్యార్థియు గ్రహింపవచ్చును. ఎవరైనను ఇది జరుగునని చెప్పినప్పుడు, ఎంత అవకాశము కలదనియు, ఆ లెక్క దేనిమీద ఆధారపడినదనియు, అది తప్పినచో నష్టమెంతయనియు అడుగవలెను. ఈ మూడు ప్రశ్నలు వేయనేర్చినవాడు రేపటిని తెలిసికొనజాలడు గాని, దానిని ఎదుర్కొనుటకు సిద్ధముగా నుండగలడు.