ఉపకార వేతనం - ఇంటి లెక్క

"ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అన్న సామెత మన కళాశాల ప్రవేశ దినాలలో నాకు తరచు స్ఫురిస్తుంది. ఉపకార వేతనం మంజూరు కాకముందే దానిని ఇంటి ఆదాయంలో జమకట్టి, ఆ భరోసాతో బిడ్డలను చదువుకు పంపే తల్లిదండ్రులు మన రఘునాథపల్లి ప్రాంతంలో ఎందరో ఉన్నారు. ఆ ఆశను తప్పుపట్టలేము. ఆ లెక్కను మాత్రం సరిదిద్దుకోవలసి ఉన్నది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో విస్తృతంగా ఆరంభమైన బోధనా రుసుము చెల్లింపు పథకం తెలంగాణలోనూ కొనసాగుతున్నది. మైనారిటీ కుటుంబ వార్షికాదాయం పల్లెలలో 1,50,000 రూపాయలు, పట్టణాలలో 2,00,000 రూపాయలు మించరాదు. విద్యార్థి హాజరు 75 శాతం ఉండాలి. బోధనా రుసుము కళాశాల ఖాతాకు, నిర్వహణ భత్యం విద్యార్థి ఖాతాకు చేరుతాయి. అయితే ఎప్పుడు? బకాయిలు పేరుకుపోగా 2025 నవంబరులో రాష్ట్రంలోని అనేక ప్రయివేటు కళాశాలలు తరగతులు నిలిపివేసిన సంగతి మన మెరిగినదే. కనుక ఈ సహాయాన్ని ఆలస్యంగా వచ్చే ధనంగానే లెక్కలో వ్రాసుకొనుట వివేకం.

రెండవ చిక్కు కాలానికి సంబంధించినది. ప్రవేశాలు జరిగే జూన్, జూలై మాసాలలోనే రైతు పత్తి విత్తనాలకు, ఎరువులకు అప్పు చేస్తాడు. పత్తి పైకం చేతికందేది దీపావళి దరిదాపుల్లోనే. ఏడాది లెక్కలో సరిపోయిన ఆదాయం ప్రవేశపు వారంలో సరిపోదు. పైగా పుస్తకాలు, జనగామకో హనుమకొండకో బస్సు చార్జీలు, భోజనం - వీటి భారం చాలావరకు ఇంటిదే. వడ్డీ వ్యాపారి గడప తొక్కేది అప్పుడే. ఆ అప్పు తీర్చే వేళ మొదట ఆగిపోయేది చెల్లెలి చదువు. అన్న పట్టా కొరకు చెల్లెలు పదవ తరగతితో ఇంట కూర్చుంటే ఆ కుటుంబం లాభపడినట్లా?

కావున కళాశాల పాలకవర్గానికి నా విన్నపం: ప్రవేశ సమయంలోనే ఏడాది వ్యయమంతా ఒక కాగితంపై, ఉర్దూ తెలుగు భాషలు రెంటిలోనూ ముద్రించి ఇవ్వండి. ప్రభుత్వం భరించేదేమి, కుటుంబం భరించవలసినదేమి, ఏ నెలలో ఎంత అన్నది స్పష్టంగా చూపండి. రుసుము వాయిదాలను పంట చేతికందే నెలలకు జరపండి. ఉపకార వేతనం ఆలస్యమగుట విద్యార్థి దోషం కాదు. అందుకై వారి ధ్రువపత్రాలు ఆపకండి.

విద్యార్థి సోదర సోదరీమణులారా! మీరును ఆదాయ ధ్రువపత్రం మీ-సేవలో ముందుగానే పొందండి. బ్యాంకు ఖాతాకు ఆధార్ అనుసంధానం సరిచూచుకొనండి. తల్లిదండ్రులతో కూర్చుండి, చేతికి వచ్చినది ఒక వరుసలో, రావలసినది మరొక వరుసలో వ్రాయండి. చాదరు చూచి కాళ్ళు చాపుమని ఉర్దూ సామెత. ఆ చాదరులో చెల్లెలికి కూడ చోటు మిగిలినప్పుడే మన లెక్క సరిపోయినట్లు.