పెరటి చిక్కుడుకు పత్తి మందా?

పత్తి, మిరప పండించే రైతు వారం వారం సంతకెళ్లి వంకాయలు కొనుక్కురావడం మన పల్లెల్లో మామూలైపోయింది. అంతకంటే బాధ కలిగించే సంగతి ఇంకొకటుంది. పెరట్లో చిక్కుడు పాదు పెట్టుకున్నవాళ్లు కూడా పేనుబంక పట్టగానే, చేనుకు కొట్టగా సీసాలో మిగిలిన మందు తెచ్చి దానిమీద చల్లేస్తున్నారు. నాలుగో రోజున ఆ కాయలే కోసి పిల్లల కంచంలో వడ్డిస్తున్నారు. ఇదేం న్యాయమో ఆలోచించండి.

మోనోక్రోటోఫాస్‌ను కూరగాయలపై వాడరాదని కేంద్ర ప్రభుత్వం 2005లోనే నిషేధించింది. అమ్మకానికి వేసినా, ఇంటికి వేసినా కూరగాయ కూరగాయే కదా!

"మందు కొట్టకుండా కాయ దక్కుతుందా?" అని మీరడగవచ్చు. దక్కుతుంది, కాకపోతే ముందే సిద్ధపడాలి. ఇంటికి కావలసిన కూరలు కొన్నయినా పండించుకోవడానికి అర సెంటు, అంటే 24 గజాల జాగా చాలు. మృగశిర కార్తెలో తొలకరి పడగానే బెండ, గోరుచిక్కుడు విత్తుకోండి. బీర, కాకర దడి మీదికి పాకించండి. వేపపండ్లు రాలేదీ ఇంచుమించు అప్పుడే. వాటిని ఏరి, గుజ్జు కడిగేసి, గింజలు నీడన ఆరబెట్టి దాచుకోండి.

అర కిలో వేపగింజల పప్పు దంచి, గుడ్డలో మూటగట్టి రాత్రంతా నీళ్లలో నానెయ్యాలి. తెల్లారి బాగా పిండి, వడకట్టి, మొత్తం 10 లీటర్లు చేసుకోవాలి. 10 గ్రాముల సబ్బుపొడి కలిపి, సాయంత్రం ఎండ తగ్గాక ఆకుల అడుగుభాగం కూడా తడిసేలా చల్లాలి. వారం, పది రోజులకోసారి మళ్లీ చల్లాలి.

ఒక్క మాట. కషాయం చల్లగానే పురుగులు టపటపా రాలిపోవు. తిండి మానతాయి, ఎదుగుదల ఆగుతుంది. అందుకే పురుగు కొద్దిగా ఉన్నప్పుడే మొదలుపెట్టాలి. చిక్కుడు మీద అక్షింతల పురుగులు కనిపిస్తే వాటి జోలికి పోవద్దు, పేనుబంకను తినేది అవే. వంగలో తల వాల్చిన కొమ్మను లోపలి పురుగుతో సహా తుంచి కాల్చెయ్యండి. పల్లాకు తెగులు సోకిన బెండ మొక్కను మాత్రం ఏ మందూ బాగుచెయ్యలేదు, పీకెయ్యడమే.

పత్తి ధర మన చేతిలో లేదు. మందుల ధరా లేదు. ఇంటిల్లిపాదీ తినే కూర మాత్రం మన చేతిలోనే ఉంది. ఈ ఏడు వేపచెట్టు కింద రాలిన పండ్లను ఊడ్చి పారెయ్యకండి.