వ్రాయువారు ఎందుకు వ్రాయుదురు?

ప్రతి సంవత్సరము మన పాఠశాల పత్రికకు వ్యాసములు కోరినప్పుడు విద్యార్థులు నన్ను మొదట అడుగు ప్రశ్న యొక్కటే: "అయ్యా, మా పేరు అచ్చులో పడునా?" ఇది విని కొందఱు పెద్దలు మందలింతురు. నేను మందలింపజాలను. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చదువుకొను దినములలో నా పద్యమొకటి అక్కడి పత్రికలో అచ్చుపడెను. పద్యమును ఒకసారి చదువుకొంటిని. క్రిందనున్న నా పేరును పదిసార్లు చదువుకొంటిని. నేడు ఆ పద్యములో ఒక్క పాదమైనను నాకు జ్ఞప్తికి రాదు.

కీర్తికాంక్ష మానవసహజము. అది కలమును చేతికందించును గాని కడవఱకు నడిపింపజాలదు. ధనాశయు నంతియే. చెప్పక నిలువనీయని మాట యొకటి హృదయములో నుండుటయే నిజమైన రచనకు మూలమని నా యభిప్రాయము.

గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కము'ను చూడుడు. అది 1892లో ప్రదర్శింపబడి, 1897లో అచ్చయ్యెను. సంఘసంస్కరణమునకు తోడ్పడుటయు, తెలుగుభాష రంగస్థలమునకు తగదను అపోహను తొలగించుటయు తమ యుద్దేశములని వారే చెప్పుకొనిరి. నాటకము మెప్పు పొందెను. కీర్తియే గమ్యమైనచో వారు అచ్చటనే యాగియుందురు. కాని దానిని మిక్కిలి పెంచి, దాదాపు క్రొత్తదిగా వ్రాసి, 1909లో మరల ప్రకటించిరి. నేడు లోకము మెచ్చునది ఆ రెండవ రూపమే.

1895లో వినుకొండలో క్రైస్తవ కుటుంబమున జన్మించిన గుఱ్ఱం జాషువాగారు మనవలెనే ఉపాధ్యాయులు. చదువును, కవిత్వమును వారిని అస్పృశ్యతనుండి కాపాడలేదు. 1941లో వెలువడిన 'గబ్బిలము'లో, గుడిలో అడుగిడ వీలులేని పేదవాడొకడు తన మొఱను శివునికి విన్నవింపుమని గబ్బిలమును వేడుకొనును. గబ్బిలమును ఏ గుడియు వెలివేయలేదు గదా! అట్టి కల్పన బిరుదులమీది యాశవలన పుట్టునది కాదు, గాయమునుండి పుట్టునది.

"బాలురకు అట్టి గాయము లెక్కడివి?" అని మీరు అడుగవచ్చును. ఈ యేడు ఒక విద్యార్థి 'ఓర్పు' అను వ్యాసమును ఏదో పుస్తకమునుండి ఎత్తి వ్రాసి తెచ్చెను. దానిని తిరిగి యిచ్చి, నీ వెఱిగిన ఓర్పును గూర్చి వ్రాయుమంటిని. మూడుదినములకు అరపుట తెచ్చెను. తనను చదివించుటకై చదువు మాని కూలికి పోవుచున్న అక్కను గూర్చి అందు వ్రాసెను. చేతికిచ్చుచు మెల్లగా, "అయ్యా, దీనికి నా పేరు వేయవలదు" అనెను.

తలిదండ్రులారా, మీ బిడ్డలు పేరుకొఱకు వ్రాసిన కోపింపకుడు. ఆరంభ మట్లే యుండును. విద్యార్థులారా, వ్రాసిన పిమ్మట మీ పేరును చేతితో మూసి చదువుకొనుడు. అప్పుడును ఆ మాట చెప్పదగినదని తోచినచో, నిస్సంకోచముగా మా కిండు.