పైవాడి నేల, కిందివాడి కప్పు

పాతబస్తీలో నేనెరిగిన ఇళ్ళు కొన్నింట్లో ఈ మధ్య పై అంతస్తు హాల్లోకి పెద్ద పెద్ద చేపల తొట్టెలు వచ్చి చేరుతున్నవి. చిన్నప్పుడు మనం చూసిన, గాజు కూజాలో తిరిగే ఒంటరి బంగారు చేప కాదు. ఆరడుగుల పొడుగు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు గల తొట్టెలు. అరొవానా అనే చేప ఇంటికి కలిసివస్తుందని ఒక నమ్మకం ప్రచారంలో ఉన్నది. ఆ చేప రెండడుగులు దాటి పెరుగుతుంది గనుక దానితోబాటు తొట్టె కూడా పెరగవలసి వస్తున్నది. చేపలతో నాకే పేచీ లేదు. నా పేచీ ఆ తొట్టెను మోయవలసిన కప్పు గురించి, ఆ కప్పును గట్టిపరచడమనే పేరుతో జరుగుతున్న పనుల గురించి. గౌలిపురాలో ఉండే నా మిత్రులొకరు ఇటువంటి తొట్టెకే బయానా ఇచ్చివచ్చి, నన్ను సలహా అడిగారు. సలహా అడిగినవారికి వాదన కూడా దొరకడం నా స్నేహంలోని ఇబ్బంది.

ముందుగా లెక్క. ఆరు, రెండు, రెండు హెచ్చవేస్తే 24 ఘనపు అడుగులు. అంచుదాకా నింపితే 680 లీటర్లు పడతాయి. లీటరు నీరు కిలో తూగుతుందని బడిలోనే చదువుకున్నాము కాబట్టి నీరే 680 కిలోలు. పన్నెండు మిల్లీమీటర్ల అద్దం చదరపు మీటరుకు 30 కిలోలు తూగుతుంది. అడుగుభాగము, నాలుగు పక్కలు కలిపి అద్దం 120 కిలోల దాకా తేలుతుంది. లోపల పరిచే గులకరాళ్ళు, అలంకారపు బండలు, కింద ఇనుప స్టాండు, పైన మూత, దీపాలు - వీటన్నిటికీ మరో 200 వేసుకోండి. వెరసి ఒక టన్ను. మన తరం మరచిపోలేని మారుతి 800 కారు కూడా ఇంత తూగదు. ఈ బరువంతా కూర్చునేది కేవలం 12 చదరపు అడుగుల మీద, అంటే 1.1 చదరపు మీటరు మీద.

నివాస గృహాల్లోని గదుల కప్పులు చదరపు మీటరుకు 2 కిలోన్యూటన్ల, అంటే సుమారు 200 కిలోల, భారం మోసేట్టు ఉండాలని 1987 నాటి ఐఎస్ 875 ప్రమాణం రెండవ భాగం చెబుతున్నది. తొట్టె కింద పడే భారం దానికి నాలుగు రెట్ల పైమాటే. (అదే ప్రమాణం గ్రంథాలయాల్లో పుస్తకాలు పేర్చే గదులకు 6 కిలోన్యూటన్లు అడుగుతుంది. గోడల నిండా పుస్తకాలు పేర్చుకున్న మిత్రులు ఈ వాక్యాన్ని ఇంకోసారి చదువుకొనవచ్చును.) న్యాయంగా చెప్పవలసివస్తే ఈ 200 కిలోలన్నది గదంతటా పరిచి వేసుకునే లెక్క. పన్నెండడుగులకు పదడుగుల గది మొత్తానికి 2,200 కిలోలు వస్తుంది కాబట్టి, సరిగా కట్టిన కాంక్రీటు ఇంట్లో టన్ను తొట్టె పెట్టగానే కొంపలు కూలవు. తొట్టె గదిలో ఎక్కడ కూర్చున్నది, దాని కింద ఏమున్నది అనేవే అసలు ప్రశ్నలు. పాతబస్తీ ఇళ్ళలో ఎన్నో 1987కు ముందువి. కొన్నయితే సిమెంటు మన వాడుకలోకి రాకముందువి.

మా మిత్రుని మొదటి వాదన ఇది: "అమ్మాయి నిశ్చితార్థానికి ఈ హాల్లో ఇరవైమంది కూర్చోలేదుటండీ? అప్పుడేమీ కాలేదే!" నిజమే, ఇరవైమంది అంటే 1,300 కిలోలుంటారు. కానీ వాళ్ళు గదంతా సర్దుకుని కూర్చున్నారు, భోజనాలయ్యాక లేచి వెళ్ళిపోయారు. నీళ్ళు వెళ్ళవు. కొయ్య దూలానికి గంటసేపు మోసే బరువు వేరు, పదేళ్ళపాటు రాత్రింబవళ్ళు మోసే బరువు వేరు. ఎడతెగని భారం కింద కొయ్య ఏడాదికేడాది కొంచెం కొంచెంగా వంగుతూనే పోతుంది. బరువు తీసేసినా ఆ వంపు పూర్తిగా తిరిగిరాదు. పుస్తకాల అల్మరాలో నడుమ కుంగిన చెక్కను చూసినవారికి దీనిని వేరే వివరించనక్కరలేదు.

రెండవ వాదన చార్మినారు. పాతబస్తీలో ఏ కప్పు గురించి మాట్లాడినా ఈ వాదన తప్పదు. "అదీ సున్నంతో కట్టిందే, నాలుగు వందల ఏళ్ళు దాటినా నిలిచిలేదా?" అంటారు. 1591 నాటి ఆ కట్టడం పై అంతస్తులో ఏకంగా ఒక మసీదే ఉన్న మాట వాస్తవం. అయితే అక్కడ బరువును మోసేది కమాన్లు. పైనున్న భారాన్ని అవి పక్కలకు తోసి, నాలుగు మూలల స్తంభాల గుండా నేలకు దింపుతాయి. రాయి, సున్నం నొక్కుడుకు తట్టుకున్నట్టుగా వంపుకు తట్టుకోలేవు. కట్టినవారికి ఆ సంగతి తెలుసు. మన ఇంటి పై అంతస్తు నేల రెండు గోడల నడుమ పడుకున్న కర్రో ఇనుమో. అది పనిచేసేదే వంపుతో. రెంటికీ సున్నమే పోలిక. పైగా చార్మినారుకు కూడా మరమ్మతులు తప్పలేదు. 2019 మే నెలలో ఒక మినారు నుంచి గచ్చు పెళ్ళ ఊడి కింద పడింది.

ఇంతకూ ఆ నేలల కింద ఏమున్నది? బాగా పాత ఇళ్ళలో టేకు దూలాలు, వాటి మీద దంతెలు, ఆపైన ఇటుక, డంగుసున్నం. కొన్నింట్లో ఇనుప గర్డర్ల నడుమ చిన్న చిన్న ఇటుక కమాన్లు. తరువాతి కాలపు మధ్యతరగతి ఇళ్ళలో ఎక్కువగా కనిపించేది ఇనుప గర్డర్ల మీద పరిచిన షాబాద్ బండలు. (ఆ షాబాదు ఇప్పుడు కర్ణాటకలో ఉన్నది, ఒకప్పుడు నిజాం రాజ్యంలోదే.) మా మిత్రులది ఈ మూడవ రకం. మూడడుగులకొక గర్డరు, నడుమ బండ. ఈ బండ సున్నపురాయి. దాని గుణం ఏమంటే, మోసినంతసేపు మోసి ఒక్కసారిగా పగులుతుంది. కొయ్యలా వంగి, మూలిగి, మనల్ని ముందుగా హెచ్చరించదు. తొట్టెను గర్డర్లకు సమాంతరంగా, రెంటి మధ్యన పెట్టామా, టన్ను బరువంతా ఆ బండ మీదే. గర్డర్లకు అడ్డంగా పెడితే ఆరడుగుల తొట్టె కింద రెండు మూడు గర్డర్లు వచ్చి బరువు పంచుకుంటాయి. ఒకే గదిలో, ఒకే తొట్టె, తిప్పి పెట్టడంలోనే ఇంత తేడా.

గోడ దగ్గరా, గది నడుమా అన్నది ఇంకో తేడా. పన్నెండడుగుల గర్డరు కొస గోడలో ఆనిన చోట, ఆ గోడకు చేరవేసి తొట్టె పెడితే, గర్డరు మీద కలిగే వంపు ప్రభావం నడుమ పెట్టినప్పటి దానిలో మూడో వంతుకన్నా తక్కువ. ఇక్కడే ఒక మెలిక ఉన్నది. గోడలోకి వెళ్ళిన ఆ కొసే, గోడ చెమ్మకు, ముందుగా పాడయ్యేది. ఇనుమైతే తుప్పు, కర్రయితే చెద. బయటికి రంగు వేసి నిగనిగలాడుతున్న గర్డరు గోడ లోపల రేకులు రేకులుగా లేచి ఉండవచ్చు. నాలుగు చోట్ల గచ్చు కొట్టి ఆ కొసలను చూడనిదే ఎవరూ ఏ మాటా ఇవ్వకూడదు.

కానీ ఇచ్చారు. మేస్త్రీ వచ్చి, కిందనుంచి ఒకసారి పైకి చూసి, "ఏం గాదు సార్, నాది జిమ్మేదారి. జాలీ పరిచి రెండించుల కాంక్రీటు ఏస్త, ఏనుగు నిలబడ్డా కదలది" అన్నాడట. నేను ఇది రాయడానికి అసలు కారణం ఈ మాటే. రెండంగుళాల కాంక్రీటు చదరపు మీటరుకు 120 కిలోలు. మా మిత్రుని పన్నెండు పదుల హాలుకు లెక్కవేస్తే 1,350 కిలోలు. అంటే తొట్టెను మోయించడానికి వేసే పొర తొట్టెకన్నా బరువు! అదీ కింది గర్డర్లతో ఏ బంధమూ లేకుండా, ఊరికే పైన కూర్చునే పొర. గర్డర్లు తమ పాత బరువును, కొత్త పొరను, ఆపైన తొట్టెను మోయాలి. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత దీనికోసమే పుట్టినట్టున్నది. సున్నపు కప్పుల మీద ఇది మరీ హాని. సున్నం చెమ్మను పీల్చి వదులుతుంది, పైన సిమెంటు పరిస్తే ఆ చెమ్మ బయటికి పోలేక కింది దూలాల్లోకి దిగుతుంది. పాతబస్తీలో ఎన్నో మంచి మిద్దెలు బరువుకు కాక ఈ బాగుచేతలకే చెడిపోయాయని నా అభిప్రాయం.

కప్పును నిజంగా గట్టిపరచడం కిందనుంచి జరగాలి. పాత గర్డర్లకు అడ్డంగా, వాటి కింద కొత్త గర్డరు ఒకటి గోడ నుంచి గోడకు వేస్తారు. దాని కొసల కింద గోడలో వెడల్పాటి రాతి దిమ్మెలుండాలి. లేకుంటే మట్టి అడుసుతో కట్టిన గోడ ఆ చోట నలిగిపోతుంది. గోడ మీద నమ్మకం లేకపోతే నిలువు ఇనుప కంబాలు, వాటికి నేలలో పునాది. ఇంత చేసినా కొత్త గర్డరుకూ పాతదానికీ నడుమ అరంగుళం సందు మిగిలితే ఆ ఖర్చంతా వృథా. పాతది అరంగుళం కుంగేదాకా కొత్తది వేడుక చూస్తూ ఉంటుంది. జాకీలతో పాత గర్డర్లను కొద్దిగా పైకెత్తి, సందుల్లో ఇనుప పలకలు బిగువుగా దూర్చాలి. తొట్టెలో నీళ్ళు కూడా ఒక్కరోజున నింపరాదు. కింద గోడ నుంచి గోడకు ఒక దారం లాగి కట్టి, రోజుకు పావువంతు నింపుతూ, కప్పుకూ దారానికీ నడుమ దూరం తగ్గుతున్నదేమో చూడాలి. ఇవన్నీ నిర్మాణ ఇంజనీరు వచ్చి చూసి కొలతలు చెప్పవలసిన పనులు. తొట్టెకు, చేపకు, చేప మేతకు ధారాళంగా ఖర్చుపెట్టేవారు ఇంజనీరు ఫీజనగానే ఎందుకు చిన్నబుచ్చుకుంటారో నాకు బోధపడదు.

వాస్తు సంగతి కూడా ఒక మాట. నీరు ఈశాన్యంలో ఉండాలంటారు. ఈశాన్యంలో బరువు ఉండరాదనీ వారే అంటారు. నీటికి బరువు లేదని వారి ఉద్దేశం కాబోలు. మా మిత్రుని హాలుకు ఈశాన్యమంటే గోడ వెలుపలికి పొడుచుకు వచ్చిన వసారా మూల. అక్కడ తొట్టె పెట్టాలన్న ఆలోచనను మాత్రం వెంటనే మానిపించగలిగాను.

మానిపించలేకపోయినది ఇంకొకటి. ఆ ఇల్లు అన్నదమ్ముల పంపకాల్లో పై అంతస్తు అన్నకు, కింది అంతస్తు తమ్మునికి వచ్చింది. పాతబస్తీలో ఇటువంటి ఇళ్ళు కోకొల్లలు. మరికొన్నింట్లో కింద ఏనాటి నుంచో అద్దెకున్నవారుంటారు. హాలు కింద ఉన్నది తమ్ముని పిల్లలు పడుకునే గది. గర్డరు వేయాలన్నా, కంబాలు నిలపాలన్నా ఆ గదిలోనే. తొట్టె పగిలినా, జాయింటు కారినా 680 లీటర్లు దిగేదీ ఆ గదిలోకే, ఆ మట్టి అడుసు గోడల్లోకే. మట్టి గోడకు నీరు తగిలితే ఏమవుతుందో 1908 మూసీ వరదలో వేల ఇళ్ళు పోగొట్టుకున్న ఈ నగరానికి ఒకరు చెప్పవలసిన పని లేదు. చూసి ఆనందించేది పైవారు, కింద పడుకునేది వేరొకరు. పైనుంచి కాంక్రీటు పోయడంలోని అసలు ఆకర్షణ ఇదేనని నా అనుమానం: దానికి కిందివారిని అడగనక్కరలేదు. "నా నేల మీద నేను వేసుకుంటున్నాను, మధ్యలో వాడినేమడిగేది?" అన్నారు మిత్రులు. దస్తావేజులో అది ఆయన నేలే కావచ్చు. పిల్లలు వెల్లకిలా పడుకుని చూసేది మాత్రం దాని అడుగునే. ప్రతి వానాకాలానికి ముందు నగరపాలక సంస్థవారు శిథిల గృహాలకు నోటీసులు అంటిస్తారు. తొట్టె ఎత్తి చూసే నోటీసు ఏదీ లేదు. అడగవలసింది ఇంటివాళ్ళే.

ఎన్నో మాటలయ్యాక ఆయన తమ్ముణ్ణి అడిగారు. తమ్ముడు కాదనలేదు, "కింది వసారాలో పెట్టుకో అన్నా, మా పిల్లలూ చూస్తారు" అన్నాడట. కింది అంతస్తయితే గర్డర్ల గొడవ ఉండదు గానీ, పాతబస్తీలో నేలను కూడా ఊరికే నమ్మలేము. బావి మీద బండలు కప్పి గది కలుపుకున్న ఇళ్ళున్నవి, మరచిపోయిన తహఖానాలున్నవి. ఆ వసారాలోనే ఎక్కడో పాత బావి ఉండేదని వాళ్ళ అమ్మగారికి గుర్తు. ఏ మూలనో ఆమెకు తెలియడం లేదు. తొట్టె ఇంకా దుకాణంలోనే ఉన్నది. వచ్చే ఆదివారం బండలెత్తి చూస్తారు.