కొత్త హైస్కూలు హద్దును ఎవరి నడకతో కొలవాలి?



మండలంలో ఏదో ఒక ఊరికి కొత్త హైస్కూలు మంజూరైందంటే అందరికీ సంతోషమే. శంకుస్థాపన జరుగుతుంది, పేపర్లో ఫొటో పడుతుంది, మిఠాయిలు పంచుతారు. ఆ సంబరంలో ఒక ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు. ఈ బడికి ఏ ఊళ్ల పిల్లలు రావాలి? ఎవరు పాత బడికే పోవాలి? ఆ గీత గీసేదెవరు, దేనితో కొలిచి?

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ఈ సంగతి ఎందుకని అనుకోవద్దు. మనలో చాలామంది హాస్టల్‌కు వచ్చిందే ఆ గీతకు అవతల పుట్టడం వల్ల. మా ఇళ్లలో డిగ్రీ పట్టా చూసిన మొదటివాళ్లం మేమే. ఇప్పుడు పీజీ చదువుతున్నాం. మాతోపాటు పలక పట్టి, మధ్యలో ఆగిపోయి, ఈ రోజు కూలికి పోతున్నవాళ్లు మాకంటే తెలివితక్కువవాళ్లేమీ కాదు. వాళ్లకు హైస్కూలు దూరమైంది, మాకు హాస్టల్ సీటు దొరికింది. తేడా అంతే.

చట్టం ఏం చెబుతోందో ముందు చూద్దాం. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం పిల్లలకు తమ పరిసరాల్లోనే బడి ఉండాలంది. కేంద్రం తయారుచేసిన నమూనా నియమావళి ప్రకారం 1 నుంచి 5 తరగతులకు ఒక కిలోమీటరు, 6 నుంచి 8 తరగతులకు 3 కిలోమీటర్ల నడక దూరంలో బడి ఉండాలి. నడక దూరం అన్న మాటను గమనించండి. వరద ముప్పు, రోడ్డు లేకపోవడం వంటి ఇబ్బందులున్న చోట ఆ దూరాన్ని ఇంకా తగ్గించాలనీ, సామాజిక కారణాలు పిల్లలకు బడిని దూరం చేయకూడదనీ అందులోనే ఉంది. అయితే ఈ హక్కు 14 ఏళ్ల వయసుతో, 8వ తరగతితో ఆగిపోతుంది. 9, 10 తరగతుల విషయానికొస్తే, ప్రతి ఆవాసానికి 5 కిలోమీటర్ల లోపు ఉన్నత పాఠశాల ఉండాలని 2009లో మొదలైన రాష్ట్రీయ మాధ్యమిక శిక్షా అభియాన్ లక్ష్యంగా పెట్టుకుంది. 2018లో ఆ పథకం సమగ్ర శిక్షలో కలిసిపోయింది. లక్ష్యం వేరు, హక్కు వేరు. హక్కు తప్పితే కోర్టుకు పోవచ్చు, లక్ష్యం తప్పితే ఎవరిని అడగాలి?

ప్రభుత్వ బడిలో ఎవరైనా చేరవచ్చు కదా, ఇక హద్దు ఎక్కడిదని కొందరు అంటారు. మాట నిజమే గానీ, ఏ ప్రాథమిక బడి పిల్లలు ఏ హైస్కూలుకు రావాలో మ్యాపింగ్ జాబితా ఒకటి ఉంటుంది. టీచర్ పోస్టులు, గదులు, మధ్యాహ్న భోజనం అన్నీ ఆ లెక్క మీదే నడుస్తాయి. డబ్బున్నవాళ్లకు ఆ గీతతో పనిలేదు. ప్రైవేటు స్కూలు పచ్చ బస్సు గీతలన్నీ దాటుకుని వాళ్ల వాకిట్లోకే వస్తుంది. గీత అడ్డమొచ్చేది కాలినడకన పోయే పిల్లలకే.

ఆఫీసులో కూర్చుని కొలిస్తే ఏమవుతుందో ఆంధ్రప్రదేశ్‌లో ఈ మధ్యనే చూశాం. 2022 జూన్‌లో వచ్చిన జీవో 117 కింద ప్రాథమిక బడుల్లోని 3, 4, 5 తరగతులను కిలోమీటరు లోపు ఉన్న హైస్కూళ్లకు కలిపారు. చిన్న తరగతులకూ సబ్జెక్టు టీచర్లు చెప్పాలన్న ఉద్దేశం చెడ్డదేమీ కాదు. కానీ ఎనిమిదేళ్ల పిల్లలు పెద్ద రోడ్డు దాటి ఎలా పోతారని తల్లిదండ్రులు చాలా ఊళ్లలో ఆందోళనకు దిగారు. చివరికి 2025లో ఆ జీవో రద్దయింది. మ్యాపు మీది కిలోమీటరు, పిల్లవాడి పాదం కింది కిలోమీటరు ఒకటి కావని తెలుసుకోవడానికి మూడేళ్లు పట్టింది. కొత్త హైస్కూలు తెరిచి ఊళ్లను పంచేటప్పుడైనా ఈ పాఠం గుర్తుండాలి.

దూరం ఒక్కటే సమస్య కాదు. బడి ఎటువైపు కడతారన్నది మరొకటి. స్థలం ఇచ్చినవారి మాట చెల్లుతుంది కాబట్టి చాలాచోట్ల బడి వాళ్ల పొలం పక్కనే లేస్తుంది. వాడ మాత్రం ఊరికి ఆ చివర ఉంటుంది. ఊరి నడిబొడ్డు నుంచి 4 కిలోమీటర్లని రాసుకున్న దూరం వాడ నుంచి 5 దాటవచ్చు. ఊరూ వాడా ఒకే పేరుతో ఒకే చుక్కగా మ్యాపులో ఉంటే ఆ తేడా ఎవరికీ కనబడదు. వానాకాలం వాగు పొంగితే అది ఇంకా పెరుగుతుంది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ప్రయాణం ఉచితం. మంచి పనే. కానీ బస్సే రాని ఊరి ఆడపిల్లకు ఉచిత టికెట్ ఏం చేసుకోను?

మరి ఎవరి వాడకు దగ్గరగా వాళ్లకు బడి కట్టేస్తే సరిపోదా? ఇక్కడే జాగ్రత్తగా ఆలోచించాలి. మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో లేబర్ శాఖ మనవాళ్ల కోసం విడిగా బడులు పెట్టింది. లేబర్ స్కూలు అన్న మాట కోస్తా జిల్లాల పెద్దవాళ్లకు ఇప్పటికీ గుర్తే. ఆ బడుల వల్ల కొందరికి అక్షరం అందింది, కాదనలేం. కానీ ఊరి బడి తలుపు తెరవకపోవడానికి అవే సాకు కూడా అయ్యాయి.

అమెరికాలో డెన్వర్ నగరం కథ ఇంకా స్పష్టంగా ఉంటుంది. 1954లో బ్రౌన్ కేసు తీర్పుతో నల్లవాళ్లకు, తెల్లవాళ్లకు వేరు బడులు ఉండకూడదని అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. అయినా డెన్వర్ విద్యా బోర్డు 1960లో నల్లవాళ్ల పేటలో బారెట్ అనే చిన్న ప్రాథమిక బడిని తెరిచి, కొలరాడో బులెవార్డ్ అనే పెద్ద రోడ్డును దాని హద్దుగా పెట్టింది. రోడ్డుకు అవతలి తెల్లవాళ్ల పిల్లలు ఆ బడికి రాలేదు. బారెట్‌లో దాదాపు అందరూ నల్లజాతి పిల్లలే మిగిలారు. వేరుచేయాలని ఏ చట్టమూ రాయలేదు, కొత్త బడి కట్టి గీత గీశారు, అంతే. 1973లో కీస్ కేసులో సుప్రీంకోర్టు, బడి స్థలం ద్వారా, హద్దుల ద్వారా కావాలని పిల్లల్ని వేరుచేయడం కూడా రాజ్యాంగ విరుద్ధమేనని చెప్పింది. దగ్గర బడి అన్న మంచి మాటను కూడా వేరు బడి కోసం వాడుకోవచ్చని దీన్నిబట్టి తెలుస్తుంది. అందుకే బడి దగ్గరగానూ ఉండాలి, అందరిదిగానూ ఉండాలి. ఒకటి ఇచ్చి రెండోది లాక్కుంటే మనం ఒప్పుకోకూడదు.

ఇంకో చిక్కు టీచర్లది. పాత బడి పిల్లల్ని రెండుగా పంచితే రెండు చోట్లా సంఖ్య తగ్గుతుంది. ఆ తర్వాత రేషనలైజేషన్ పేరుతో పోస్టులు ఎత్తేస్తారు. బడి దగ్గరికొచ్చిందని సంబరపడేలోగా లెక్కల టీచర్ పోతాడు. గీత గీసే ముందే రెండు బడులకూ అన్ని సబ్జెక్టుల పోస్టులు ఉంటాయని రాతపూర్వకంగా చెప్పించుకోవాలి.

హాస్టల్ సంగతికొద్దాం. ఇళ్లవారీగా పిల్లల్ని లెక్కిస్తే హాస్టల్ పిల్లలు పుట్టిన ఊరి లెక్కలో ఉంటారు, చదివే ఊరి లెక్కలో ఉండరు. వాళ్లు నడిచే దారి ఎవరి ఫైల్లోకీ రాదు. పైగా కొత్త హైస్కూలు వచ్చింది కదా, ఇక హాస్టల్ దేనికనే మాట మొదలవుతుంది. హాస్టల్ అంటే దూరానికి మందు మాత్రమే కాదు. మూడు పూటలా తిండి, రాత్రి చదువుకోవడానికి లైటు, పక్కన చదివే తోడు. పొలం పనుల రోజుల్లో పిల్లవాడు బడి మానకుండా కాపాడేది హాస్టలే. కొత్త బడి రావాలి, పాత హాస్టల్ కూడా ఉండాలి.

కాబట్టి మేము కోరేవి ఇవి. ఒకటి, దూరాన్ని వాడ చివరి ఇంటి నుంచి, వానాకాలపు దారిలో నడిచి కొలవాలి. రెండు, జాబితా ఖాయం చేసేముందు గ్రామసభలో చదివి వినిపించాలి, అభ్యంతరాలు చెప్పుకోవడానికి గడువు ఇవ్వాలి. మూడు, 9, 10 తరగతుల పిల్లల్ని మధ్యలో కదపకుండా పాత బడిలోనే ముగించనివ్వాలి. కొత్త బడి కింది తరగతులతో మొదలై ఏటా ఒక్కో తరగతి పెరగాలి. నాలుగు, ఊరినీ వాడనూ విడదీసే గీత ఎక్కడా ఉండకూడదు. ఐదు, హాస్టల్ పిల్లల్ని ఆ ఊరి పిల్లలుగానే లెక్కపెట్టాలి.

ఇవి అడిగి పెట్టేదెవరు? తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీరు సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ వాడ నుంచి హైస్కూలుకు ఒకసారి నడిచి చూడండి. ఎంతసేపు పట్టింది, ఎక్కడ వాగు, ఎక్కడ రోడ్డు దాటాలి, ఒక కాగితం మీద రాయండి. ఆ కాగితాన్ని స్కూలు యాజమాన్య కమిటీలో మీ అమ్మానాన్నల చేత పెట్టించండి. ఉద్యోగాల్లో స్థిరపడ్డ అన్నలూ, అక్కలూ! మీలో టీచర్లున్నారు, మండలాఫీసుల్లో పనిచేసేవారున్నారు. జాబితా మీ టేబుల్ మీదికి వచ్చినప్పుడు అందులో ఏ వాడ పేరు లేదో ముందు చూడండి. గీత గీసిన తర్వాత ధర్నా చేయడం కంటే గీయకముందు ఒక అర్జీ పెట్టడం సులువు.